మానేరు తీరం: వంతెనకు మార్కులు, ఒడ్డుకు వాయిదా

కరీంనగర్‌లో మానేరు మీద కట్టిన తీగల వంతెనను, దాని ఎగువన మొదలుపెట్టిన నదీతీర అభివృద్ధి పనులను ఒకసారి చూసి రావచ్చునా అని హనుమకొండలో మా కాలనీవాళ్ళు ఎవరు అడిగినా నేను వెంటనే జవాబు చెప్పను. "డ్యామ్ గేట్లు ఎత్తారా?" అని ముందు నేనే అడుగుతాను. ఎత్తి ఉంటే, పిల్లలను తీసుకుని ఈ సాయంత్రమే బయలుదేరమంటాను. ఎత్తకపోతే వంతెన కోసం వెళ్ళమంటాను గానీ నది కోసం వెళ్ళమని చెప్పలేను. ఈ సమీక్షలో నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం కాకతీయ కాలువ కట్టల మీదనే గడిచింది. మా అమ్మాయి కాపురం కరీంనగర్‌లో కావడం వల్ల ఏడాదిలో ఐదారుసార్లు ఆ ఊరికి వెళ్తుంటాను. వంతెన ప్రారంభమైన తరువాత ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ చలికాలంలోనూ ఆ తీరం మీద నడిచాను కాబట్టి, ఒక్క ఆదివారం చూసి రాసినవారి మాట కంటే నా మాటకు కొంత ఎక్కువ విలువ ఉంటుందనుకుంటాను.

ముందుగా ఊరి భౌగోళికం తెలియాలి. గోదావరికి ఉపనది అయిన మానేరు మీద పైనుంచి కిందికి మూడు ఆనకట్టలు ఉన్నాయి. నర్మాల దగ్గర నిజాం కాలం నాటి ఎగువ మానేరు, తరువాత మధ్య మానేరు, చివరగా కరీంనగర్‌ను ఆనుకుని దిగువ మానేరు. ఊరివాళ్ళు దిగువ మానేరును ఎల్ఎండీ అనే అంటారు. 24 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) ఈ జలాశయానికి 20 గేట్లు ఉన్నాయి. 1974లో మొదలైన దీని పని 1985 నాటికి పూర్తయింది. ఆ గేట్ల కింద మానేరు ఒక వాగులా సాగి, అలుగునూరు దగ్గర హైదరాబాద్ వెళ్ళే రాజీవ్ రహదారి వంతెనను దాటి, మంథని ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. గేట్లు దించి ఉన్నంతకాలం డ్యామ్ కింద కనిపించేది ఇసుక, తుంగ, అక్కడక్కడా మడుగులు మాత్రమే. నీళ్ళన్నీ పైన ఉంటాయి, లేదా కాకతీయ కాలువలో పడి వరంగల్ వైపు పోతుంటాయి. మేము వరంగల్‌లో తాగే నీళ్ళలో ఎక్కువ భాగం ఈ ఎల్ఎండీవే. ఈ సంగతి పక్కన పెట్టి మానేరు తీరం అందచందాల గురించి మాట్లాడటం నా వంటివాడికి చేతకాదు.

ఇక లెక్కలు. 2017లో కరీంనగర్ కేంద్ర ప్రభుత్వ స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. 2022 మార్చి 17న మానేరు రివర్ ఫ్రంట్‌కు అప్పటి మునిసిపల్ శాఖ మంత్రి కేటీఆర్ శంకుస్థాపన చేశారు. అప్పుడు ప్రకటించిన అంచనా 410 కోట్ల రూపాయలు, చెప్పిన నమూనా అహ్మదాబాద్‌లోని సబర్మతి తీరం. వంతెన పని దానికి ముందునుంచే నడుస్తోంది. సుమారు 224 కోట్ల ఖర్చుతో, అర కిలోమీటరు పొడవున కట్టిన ఆ వంతెన 2023 జూన్ 21న ప్రారంభమైంది. అదే ఏడాది చివరన ప్రభుత్వం మారింది, ఆ తరువాత తీరం పనులు నెమ్మదించాయి. ఎవరి హయాంలో ఎంత పని జరిగిందన్న వాదన కరీంనగర్ టీ కొట్లలో రోజూ జరిగేదే. దాన్ని అక్కడే వదిలేసి, డబ్బూ సమయమూ ఖర్చుపెట్టుకుని వెళ్ళే సందర్శకుడికి ఈ రోజు ఏం దొరుకుతుందన్నది చూద్దాం.

వంతెన బాగుంది. వరంగల్ నుంచి హుజూరాబాద్, మానకొండూరు మీదుగా వచ్చేవారు ఇదివరకు అలుగునూరు దాకా వెళ్ళి, హైదరాబాద్ రోడ్డులో కలిసి, ఆ రద్దీలో ఊళ్ళోకి దిగవలసి వచ్చేది. ఇప్పుడు సదాశివపల్లి దగ్గర తిరిగితే నేరుగా వంతెన ఎక్కవచ్చు. దూరం తగ్గిన మాట నిజమే గానీ, రాజీవ్ రహదారి మీద లారీల వెనుక ఇరుక్కునే బాధ తప్పడమే నాకు అంతకంటే పెద్ద లాభంగా కనిపించింది. నది మధ్యలో నాలుగైదు చోట్ల స్తంభాలు పాతి వాటి మీద దూలాలు పరిచే పాత పద్ధతికి భిన్నంగా, ఇక్కడ రెండు ఎత్తైన స్తంభాల నుంచి దిగిన ఉక్కు తీగలు వంతెన పలకను పట్టుకుని ఉంటాయి. చూడటానికి సొగసుగా ఉండటం సరే; నా వృత్తి కళ్ళకు నచ్చింది మరొకటి. నీటి దారిలో స్తంభాలు తక్కువైతే వరద వచ్చినప్పుడు చెట్లూ చెత్తా అడ్డం పడి నీరు ఎగదన్నడం తగ్గుతుంది, స్తంభం మొదట్లో ఇసుక కోసుకుపోయే బెడదా తగ్గుతుంది. డ్యామ్ గేట్లకు ఇంత దగ్గరలో వంతెన కట్టేటప్పుడు అది చిన్న విషయం కాదు.

సూర్యుడు డ్యామ్ వైపు దిగుతున్న వేళ వంతెన మధ్యలో నిలబడితే ఒకవైపు ఊరు, మరోవైపు పొలాలు, ఎగువన బారుగా ఆనకట్ట కనిపిస్తాయి. గాలి గట్టిగా వీస్తుంది. చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు నడకదారి వదలకుండా ఉండటం మంచిది, ఎందుకంటే సెల్ఫీల కోసం రోడ్డు మీదికి వెనక్కి నడిచేవాళ్ళను నా కళ్ళతో చూశాను. వంతెన అంటే ముందు రహదారి, తరువాతే విహార స్థలం. వచ్చేవాళ్ళలో చాలామంది దీన్ని తిరగేసి చూస్తారు. వంతెనకు ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు ఎందుకో తరువాత చెబుతాను.

తీరానికి వస్తే కలం కొంచెం తటపటాయిస్తుంది. ప్రణాళిక ప్రకారం డ్యామ్ కింద నుంచి నదికి రెండు వైపులా గోడలు లేవాలి, వాటి వెంట నడకదారులు, తోటలు, మెట్లు రావాలి, అడ్డంగా కట్టిన చెక్ డ్యాముల వెనుక ఏడాది పొడవునా నీళ్ళు నిలవాలి, ఆ నీళ్ళలో పడవలు తిరగాలి, రంగుల ఫౌంటెన్లు ఎగజిమ్మాలి. నేను చూసిన తీరంలో గోడ కొంత మేర లేచి ఉంది. మిగతా చోట మట్టి చదును చేసి వదిలేసినట్టు ఉంది. సగం కట్టిన గోడ పక్కన నిలబడి పూర్తయిన తరువాతి బొమ్మను ఊహించుకోవడం ఇంజనీర్లకు అలవాటే గానీ, మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చిన తాతకు అది పనికిరాదు. "తాతా, పడవ ఏది?" అని వాడు అడిగితే నేను డ్యామ్ వైపు చెయ్యి చూపించి, ఉజ్వల పార్కుకు తీసుకువెళ్ళవలసి వచ్చింది.

గోడ పని నెమ్మదిగా సాగుతుందని విసుక్కునేవారికి ఒక్క మాట చెప్పాలి. ఇసుక వాగులో గోడ కట్టడం ఇంటి ప్రహరీ కట్టడం వంటిది కాదు. పైకి కనిపించే ఎత్తు కంటే కిందికి దిగే లోతే ముఖ్యం. గేట్లు ఎత్తిన నాడు నీళ్ళు గోడ పాదాన్ని తాకి, ఇసుకను తవ్వి, పునాది కింద గుల్ల చేస్తాయి. గట్టి నేల తగిలేదాకా దిగకుండా లేపిన గోడ రెండు మూడు వరదలకే ముందుకు ఒరుగుతుంది. దానికి తోడు, పని చేయగలిగిన కాలం ఏడాదిలో ఏడెనిమిది నెలలే. ఒక్క కార్తెలో బిల్లు ఆగిందంటే, మళ్ళీ యంత్రాలు దిగేసరికి వాన వస్తుంది, ఏడాది పోతుంది. కాలువల మీద నేను ఇది ఎన్నోసార్లు చూశాను. కాబట్టి ఆలస్యమన్నంత మాత్రాన నేను మార్కులు తీసెయ్యను. అయితే ఈ కట్టే కాలంలో జనానికి ఎక్కడిదాకా వెళ్ళవచ్చో, ఎక్కడ ఆగాలో చెప్పే కంచె, బోర్డు ఉండటానికి 410 కోట్లు అక్కర్లేదు కదా.

వంతెన దిగే చోట ఒకామె మక్క కంకులు కాల్చి అమ్ముతూ కనిపించింది. బొగ్గు మీద విసనకర్ర ఆడిస్తూనే ఊళ్ళో రాజకీయాలన్నీ చెప్పగలదు. తీరం పని పూర్తయితే గిరాకీ పెరుగుతుందా అని అడిగాను. "గోడకు రారు సార్ జనం, నీళ్ళకస్తరు. గేట్లెత్తిన దినం నా కంకులు రెండు గంటల్ల ఒడుస్తయి. ఉత్త ఇసుకున్ననాడు ఈగలు తోలుకుంట కూసుంట," అన్నది. నేను చూసిన ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ సాధ్యాసాధ్యాల అధ్యాయాన్ని ఇంత తక్కువ మాటల్లో రాయలేదు. ఉప్పు, కారం, నిమ్మకాయ రాసి ఇచ్చిన ఆ కంకికి మాత్రం నిస్సంకోచంగా ఐదుకు ఐదు.

ఆమె మాటలోని నిజం నాకు పూర్తిగా బోధపడింది అహ్మదాబాద్‌లో. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి మగ్గం పని చేతిలో పట్టుకుని సూరత్, భివండి, షోలాపూర్, అహ్మదాబాద్‌లకు వలసపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా మేనమామ కుటుంబం అలా వెళ్ళిందే. మిల్లులు మూతపడినా వాళ్ళు అక్కడే నిలిచిపోయారు. వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళినప్పుడు, మూడు సాయంత్రాలు వరుసగా సబర్మతి తీరం మీద నడిచాను. మానేరుకు నమూనా అన్నారు కదా, నమూనా ఎలా ఉందో చూడాలన్నది నా పంతం.

అక్కడి తీరం నిజంగానే గొప్పగా ఉంది. నదికి రెండు వైపులా 11.5 కిలోమీటర్ల చొప్పున నడకదారి. పైన ఒక అంతస్తు, కింద నీటి అంచున మరో అంతస్తు. నడిచేవాడికి ఎక్కడా రోడ్డు దాటవలసిన పని లేదు. 2022 ఆగస్టులో తెరిచిన అటల్ వంతెన నడిచేవాళ్ళకే ప్రత్యేకించినది, టిక్కెట్టు కొని ఎక్కాలి. ఆదివారం సంత, అదే గుజరీ బజార్, వందల ఏళ్ళ నాటిది, దశాబ్దాలుగా నది ఒడ్డున సాగుతూ వచ్చింది. దాన్ని పూర్తిగా తరిమెయ్యకుండా తీరం మీదనే కొత్త చోటు కేటాయించారు. పాత ఇనుప సామాను, కుర్చీలు, పుస్తకాలు, మేకలతో సహా అన్నీ దొరికే ఆ సంతలో నేను ఒక ఇత్తడి మట్టగోలు (మట్టం చూసే పనిముట్టు) కొన్నాను. బేరం ఆడటానికి నాకు హిందీ, అమ్మేవాడికి ఓపిక, రెండూ చాలినంత లేకపోయినా కొన్నాను.

మూడో సాయంత్రం మా మేనబావ నా పక్కన కూర్చుని, "బావా, ఈ నీళ్ళు సబర్మతివి కావు, నర్మదవి," అన్నాడు. ఆ ఒక్క మాట విన్నాక ఆ తీరం నాకు వేరుగా కనిపించింది. సబర్మతి కూడా మన మానేరులాగే ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉండే నది. నగరం దిగువన 1976 నుంచి వాస్నా బ్యారేజీ ఉంది, నగరం ఎగువన నర్మద ప్రధాన కాలువ నదిని దాటుతుంది. కాలువ నుంచి నీళ్ళు వదిలి, బ్యారేజీ గేట్లు మూసి, మధ్యలో ఉన్న నదిని ఒక పొడవాటి చెరువులా నిలిపి ఉంచుతారు. గోడలు, తోటలు, వంతెనలు అన్నీ ఆ చెరువు చుట్టూ కట్టినవే. నమూనా కాపీ కొట్టాలంటే ముందు కాపీ కొట్టవలసింది గోడను కాదు, నర్మద కాలువను. అది మనకు ఎక్కడుంది?

మనకు ఎల్ఎండీ ఉంది కదా అని కొందరు అంటారు. ఉంది, అయితే అందులోని ప్రతి టీఎంసీకి ముందే హక్కుదారులు ఉన్నారు. కాకతీయ కాలువ కింద యాసంగి వరి వేసిన రైతులు, వరంగల్, కరీంనగర్ నగరాల నల్లాలు. వానాకాలంలో పొర్లిపోయే నీటిని చెక్ డ్యాముల వెనుక పట్టి ఉంచడం న్యాయమే. కానీ చైత్ర వైశాఖాల్లో, ఇసుక నేల నీటిని పీల్చుకుని, ఎండ మిగతాది తాగేసిన తరువాత, పడవల కోసం గేటు కొద్దిగా ఎత్తమని ఎవరైనా అడిగితే, ఆ గేటు దగ్గర పనిచేసిన మనిషిగా నాకు ఏం చెప్పాలో తోచదు. నది దిగువన ఇసుకలో ఇంకిన నీళ్ళు ఒడ్డు మీది బావులకు ఊట అవుతాయన్నది నిజమే. ఆ మేరకు అది వృథా కాదు. అయినా ఎన్ని నీళ్ళు, ఏ నెలలో, ఎవరి వాటా నుంచి అన్నది కాగితం మీద రాసి ఊరి ముందు పెట్టవలసిన లెక్క. గోడ డిజైన్ కంటే ముందు రావలసిన డిజైన్ అది.

సబర్మతి గురించి చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టవుతుంది. ఆ ఆలోచన 1960ల్లో బెర్నార్డ్ కోన్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి నుంచి మొదలైంది. 1997లో అహ్మదాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ దానికోసం ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టింది. వాస్తుశిల్పి బిమల్ పటేల్ బృందం డిజైన్ చేసింది. 2005లో పని మొదలై, 2012లో మొదటి భాగం జనానికి తెరుచుకుంది. అంటే కంపెనీ పుట్టిన పదిహేనేళ్ళకు. నది వెడల్పును 263 మీటర్లకు కుదించి, అలా తేలిన 200 హెక్టార్లకు పైగా భూమిలో ఎక్కువ భాగాన్ని రోడ్లకు, తోటలకు ఉంచి, చిన్న భాగాన్ని అమ్మి ఖర్చు రాబట్టుకోవాలన్నది వాళ్ళ లెక్క. ఒడ్డున గుడిసెలు వేసుకుని బతికిన పది వేలకు పైగా కుటుంబాలు ఆ చోటు ఖాళీ చేశాయి. హైకోర్టు దాకా వెళ్తే తప్ప చాలామందికి ఇళ్ళు దక్కలేదు, దక్కినవి కూడా పనికి దూరంగా దక్కాయి. బ్యారేజీ దిగువన నది మురికి గురించి గుజరాత్ హైకోర్టు 2021లో తనంతట తానే కేసు చేపట్టింది. మూడు సాయంత్రాలు నేను నడిచిన అద్దం లాంటి నీళ్ళ వెనుక ఇవన్నీ ఉన్నాయి. అందుకే ఆ తీరానికి సందర్శకుడిగా నాలుగున్నర మార్కులు ఇచ్చినా, ఆ ఖర్చులో ఎవరి వాటా ఎంతో తెలిసిన తరువాత ఆ అంకె నోట పలకడానికి మొహమాటంగానే ఉంటుంది.

డబ్బు సంగతికి వద్దాం, ఎందుకంటే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అన్న మాట ఇటువంటి పనులన్నిటికీ తోరణంలా వేలాడుతుంటుంది. స్మార్ట్ సిటీ పథకంలో ప్రతి నగరానికీ ఒక ప్రత్యేక కంపెనీ, అందులో రాష్ట్రానికి సగం, నగరపాలక సంస్థకు సగం వాటా. కేంద్రం ఒక్కో నగరానికి 500 కోట్ల దాకా ఇచ్చేది, అంతే మొత్తం రాష్ట్రమూ నగరమూ కలిసి సర్దుకోవలసి ఉండేది. ఆ పథకం 2025 మార్చి 31తో ముగిసింది. కట్టడానికి డబ్బు తెచ్చే దారులు ఇలా కొన్ని ఉన్నాయి. కట్టిన తరువాత ఊడ్చడానికి, దీపాలు వెలిగించడానికి, మొక్కలకు నీళ్ళు పోయడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నదే తేలదు. అక్కడికి ప్రైవేటువాళ్ళు వస్తారు. పార్కింగు, పడవలు, తినుబండారాల దుకాణాలు, హోర్డింగులు, వీటి మీద రాబడి వాళ్ళది, బదులుగా నిర్వహణ వాళ్ళది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మక్క కంకులామె చెప్పినట్టు నీళ్ళు లేని ఆరు నెలలు గిరాకీ ఉండదు. గిరాకీ లేని నెలల్లో కాంట్రాక్టరు చేసే మొదటి పని స్వీపర్లను తగ్గించడం, రెండో పని దీపాలు ఆర్పడం. రాబడి నీటి మీద ఆధారపడి ఉండి, నీరు మరొక శాఖ చేతిలో ఉన్నప్పుడు, ఆ నష్టం ఎవరు మోయాలో ఒప్పందంలో రాయకపోతే చివరికి మోసేది చీకట్లో నడిచే సందర్శకుడే.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. ఉత్తర తెలంగాణలోనే మరో ఊళ్ళో, పేరు ఎందుకు లెండి, చెరువుకట్ట మీద పార్కును ఒకరికి లీజుకిచ్చారు. రసీదు లేకుండా పార్కింగుకు ముప్పై రూపాయలు వసూలు చేసిన కుర్రవాణ్ణి రసీదు అడిగితే, "పెద్దనాయనా, మెషిన్ ఖరాబైంది," అన్నాడు. లోపల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఆ కుర్రవాడికీ తెలియదు. మా ఆవిడకు షుగర్. ఆమె ఆ రోజు పడిన ఇబ్బంది వల్ల మేము ఇప్పుడు ఏ పార్కుకు వెళ్ళినా ముందు మరుగుదొడ్డి తలుపు తీసి ఉందో లేదో చూసి, తరువాతే టిక్కెట్టు కొంటాం. మానేరు తీరం ఒప్పందం రాసేవారికి నాదొక్క విన్నపం: ఫౌంటెన్ రంగుల కంటే ముందు ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో రాయండి.

వంతెనకు తగ్గించిన ఆ ఒక్క మార్కు సంగతి కూడా దీనికి సంబంధించిందే. తీగల వంతెన అందం సగం దీపాలలో ఉంటుంది. ఉక్కు తీగలను ఏటా పరీక్షించాలి, బిగువు చూడాలి, తుప్పు పట్టకుండా కాపాడాలి, కాలం తీరినవి మార్చాలి. మామూలు వంతెనకు సున్నం కొట్టినంత తేలికగా జరిగే పని కాదది. ఈ నిర్వహణ ఖర్చు ఎవరి పద్దులో, ఎన్నేళ్ళు అన్నది అక్కడ నిలబడి చూసేవాడికి తెలిసే మార్గం ఏదీ లేదు. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద పేర్లన్నీ ఉంటాయి. నిర్వహణ బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు ఉన్న చిన్న బోర్డు ఒకటి దాని పక్కన పెడితే మార్కు తిరిగి ఇచ్చేస్తాను.

మురుగు మాట కూడా ఇక్కడే అనుకోవాలి. పారే నదిలో కలిసిన మురుగు కొట్టుకుపోతుంది, చెక్ డ్యామ్ వెనుక నిలిచిన నీటిలో కలిసిన మురుగు మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే సబర్మతిలో గోడల వెంట రెండు ఒడ్డులా పెద్ద పైపులు వేసి, నదిలోకి దిగే నాలాలను పట్టి మురుగు శుద్ధి కేంద్రాల వైపు మళ్ళించారు. మానేరులో నీళ్ళు నిలపడానికి ముందు ఊరి నాలాలన్నిటికీ ఆ ఏర్పాటు జరగాలి. లేకపోతే నడకదారి మీద మనకు తోడుగా నడిచేవి దోమలే.

గేట్ల సంగతి మరొకటి. ఇరవై గేట్ల కిందనే మెట్లు కట్టి, నీటి అంచున కూర్చోమని జనాన్ని పిలుస్తున్నాం. సబర్మతిలో ధరోయి డ్యామ్ నుంచి నీళ్ళు వదిలినప్పుడు కింది నడకదారి మునుగుతుంది. ముందుగానే దాన్ని మూసేస్తారు. అక్కడ డ్యామ్ నగరానికి చాలా దూరంలో ఉంది కాబట్టి వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ డ్యామ్ కనుచూపు మేరలో ఉంది. గేటు కదిలిన తరువాత కింది మెట్టు ఖాళీ చేయించడానికి గంటలు ఉండవు. సైరను, కావలి మనుషులు, నీటిమట్టం చూపే రాళ్ళు, మెట్ల దగ్గర తలుపులు లేకుండా కింది అంతస్తు తెరిస్తే నా మనవణ్ణి అక్కడికి పంపను.

ఇంత తప్పులెన్నుతున్న వరంగల్‌వాడి ఊళ్ళో ఏముందని కరీంనగర్ వాళ్ళు అడగవచ్చు. మా భద్రకాళి కట్ట ఉంది. కాకతీయుల కాలం నాటి చెరువు. వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చిన హృదయ్ పథకంలో దేశం మొత్తం మీద ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి కావడంతో ఆ కట్ట మీద నడకదారి వచ్చింది, నా పొద్దుటి నడక అక్కడే. 2023 జూలై వానలకు ఆ చెరువు కట్టకు గండి పడింది. 2024 నవంబరులో పూడిక తీయడానికి చెరువును ఖాళీ చేశారు. ఆ రోజుల్లో కట్ట మీద తోటా, బెంచీలూ అన్నీ ఉన్నాయి, ఎదురుగా మాత్రం నెర్రెలిచ్చిన బురద. నడిచేవాళ్ళు సగానికి సగం తగ్గారు. మిగిలినవాళ్ళం చెరువు వైపు కాక రోడ్డు వైపు చూస్తూ నడిచాం. కాబట్టి నీళ్ళ గురించి నేను ఇంతగా చెప్పడం కరీంనగర్ మీద కక్షతో కాదని మనవి.

వెళ్ళదలచుకున్నవారికి కొన్ని వివరాలు. వానలు బాగా కురిసిన ఏడాది భాద్రపద, ఆశ్వయుజ మాసాలు మంచి కాలం. వరంగల్ నుంచి రోడ్డు విస్తరణ పనులు నడుస్తున్న చోట్ల మలుపులు ఉంటాయి కాబట్టి రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. సాయంత్రం నాలుగింటికి ముందు డ్యామ్ కట్ట, జింకల పార్కు చూసుకుని, ఎండ తగ్గాక వంతెనకు రండి. బండిని వంతెన మీద ఆపకండి. కోటల మీద ఇష్టం ఉన్నవారు ఉదయమే సిరిసిల్ల రోడ్డులో ఎలగందుల చూసి రావచ్చు. మానేరు ఒడ్డునే ఉన్న ఆ కోట గోడ ఏ స్మార్ట్ సిటీ నిధులూ లేకుండా ఇన్ని శతాబ్దాలు నిలబడింది. తాగే నీళ్ళు వెంట తీసుకువెళ్ళండి.

తీరానికి నేను ఈసారి మార్కులు వేయడం లేదు. సగం రాసిన జవాబు పత్రాన్ని దిద్దడం పద్ధతి కాదు. గోడ ఎక్కడ ఆగిందో వంతెన వైపు నుంచి అడుగులు లెక్కపెట్టి డైరీలో రాసుకున్నాను. బతుకమ్మ పండుగకు అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మళ్ళీ లెక్కపెట్టి, ఆ అంకెను ఇక్కడే కింద చేరుస్తాను. ఆ రోజు మక్క కంకులు ఎన్ని గంటలకు అయిపోయాయో కూడా అడిగి వస్తాను.